మీకు తెలుసా? మారథాన్‌కు మూడు వారాల ముందు

ఆగస్టు మొదటి ఆదివారం, తెల్లవారుజాము నాలుగున్నర. గుమ్మంలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటుంటే లోపలి నుంచి మా అత్తగారి గొంతు: "ఎవరు తరుముతున్నారే అమ్మాయ్, ఇంత చీకట్లో?" ఆవిడ ప్రశ్నకు జవాబు ఆగస్టు ఆఖరి ఆదివారంలో ఉంది. హైదరాబాద్ మారథాన్ మామూలుగా జరిగేది ఆ రోజే. హుస్సేన్‌సాగర్ పక్కన మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా. పతకాల ఆశ లేకుండా సరదాకి పరిగెత్తే నాలాంటివాళ్లకు నాలుగు నెలల సాధన ఒక ఎత్తు, ఈ చివరి మూడు వారాలు ఒక ఎత్తు. వాటి చుట్టూ నేను పోగేసుకున్న సంగతులివి.

42 కోసం 42 పరిగెత్తరు

ఆఫీసులో, పెళ్లిళ్లలో, లిఫ్టులో అందరూ అడిగేది ఒకటే: "అయితే ముందే ఒకసారి 42 కిలోమీటర్లు పరిగెత్తి చూసుకున్నావా?" లేదు. చూసుకోరు కూడా. సాధనలో అన్నిటికంటే పెద్ద పరుగు, మా భాషలో లాంగ్ రన్, 30–32 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. హాల్ హిగ్డన్ అనే అమెరికన్ రచయిత కొత్తవాళ్ల కోసం తయారుచేసిన 18 వారాల ప్రణాళిక చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అందులో 20 మైళ్ల పరుగు వచ్చేది ఒకే ఒక్కసారి, పోటీకి మూడు వారాల ముందు.

ఈ 32 వెనక శరీరశాస్త్రం సగం, గుండ్రటి అంకెల మీద మోజు సగం అని నా అనుమానం. 20 మైళ్లంటే 32 కిలోమీటర్లు మరి. మైళ్లు లెక్కపెట్టేవాళ్లు 20 దగ్గర ఆగారు, కిలోమీటర్లు లెక్కపెట్టేవాళ్లు 30 దగ్గర ఆగారు. అసలు కారణం మాత్రం ఇద్దరికీ ఒకటే. మూడు, మూడున్నర గంటలు దాటాక ఒంటికి కొత్తగా ఒరిగేది తక్కువ, కండరాలకు తగిలే దెబ్బ ఎక్కువ. ఆ దెబ్బ మానేలోగా అసలు రోజు వచ్చి కూర్చుంటుంది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చెకొస్లొవేకియాకు చెందిన ఎమిల్ జటోపెక్ 5,000 మీటర్లు, 10,000 మీటర్లు గెలిచి, పనిలో పనిగా మారథాన్‌లోనూ దిగాడు. అంతకుముందు జీవితంలో ఒక్క మారథాన్ పరిగెత్తలేదు. అదీ గెలిచాడు. అయితే పులిని చూసి నక్క వాత పెట్టుకోకూడదు.

కబుర్లే కొలబద్ద

పీటర్ స్నెల్ 800 మీటర్ల పరుగువీరుడు. ఆ పోటీ రెండు నిమిషాల్లోపే ముగుస్తుంది. అయినా న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ అతణ్ని ఆక్లాండ్ పక్క కొండల్లో 22 మైళ్లు పరిగెత్తించేవాడు. స్నెల్ 1960లోనూ, 1964లోనూ 800 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు.

అలాంటి దూరాలు తట్టుకోవాలంటే సాధనలో ఎక్కువ భాగం నెమ్మదిగానే సాగాలి. ఎంత నెమ్మదిగా అంటే, పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత. కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగేటప్పుడు మా గుంపులో పిల్లల కోచింగులు, వంటమనిషి ఎగ్గొట్టిన రోజులు, ఎవరింట్లో ఎవరికి సంబంధం కుదిరింది, అన్నీ తెమిలిపోతాయి. ఎవరైనా "ఊఁ", "ఆఁ"లతో సరిపెడుతున్నారంటే ఉండాల్సినదానికంటే వేగంగా పోతున్నారన్నమాట.

ఊరికే కూర్చుంటే ఐదున్నర నిమిషాలు

చివరి లాంగ్ రన్ అయిపోయాక టేపర్ మొదలవుతుంది. టేపర్ అంటే పరుగును వారం వారం తగ్గించుకుంటూ రావడం. వినడానికి హాయిగా ఉంటుంది కానీ మొత్తం సాధనలో నాకు అన్నిటికంటే కష్టమైనది ఇదే.

ఇవాళ పడ్డ కష్టం ఒంటికి పట్టడానికి దాదాపు పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఆఖరి పది రోజుల్లో ఎంత చెమటోడ్చినా దాని ఫలం పోటీ అయ్యాకే అందుతుంది. అలసట మాత్రం మర్నాడే అందుతుంది. పరీక్షకు ముందు రాత్రంతా చదివి ఎలాగో గట్టెక్కినవాళ్లం కదా, ఈ లెక్క మనకు తొందరగా మింగుడుపడదు.

పరుగువాళ్లు, ఈతగాళ్లు, సైకిల్ పందేలవాళ్ల మీద జరిగిన 27 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 2007లో కొందరు పరిశోధకులు లెక్క తేల్చారు. రెండు వారాల పాటు మొత్తం దూరాన్ని 41 నుంచి 60 శాతం దాకా తగ్గించాలి. వేగాన్ని తగ్గించకూడదు, వారంలో పరిగెత్తే రోజుల సంఖ్యనూ తగ్గించకూడదు. వారానికి 60 కిలోమీటర్లు పరిగెత్తే మనిషి ఓ 30కి దిగాలి, కానీ ఆ 30లో కొంత చురుకైన పరుగు ఉండాలి.

ఆ అధ్యయనాల్లో ఉన్నది ఎక్కువగా ఆరితేరిన క్రీడాకారులే. మనలాంటివాళ్ల సంగతి 2021లో వచ్చింది. డబ్లిన్ పరిశోధకులు 1,58,000 మందికి పైగా మామూలు మారథాన్ పరుగువాళ్ల సాధన రికార్డులు తిరగేశారు. మూడు వారాలు క్రమం తప్పకుండా తగ్గించుకుంటూ వచ్చినవాళ్లకు, నామమాత్రంగా టేపర్ చేసినవాళ్లతో పోలిస్తే, దాదాపు ఐదున్నర నిమిషాలు కలిసొచ్చినట్టు కనిపించింది. ఐదున్నర నిమిషాలు! అది కూడా ఇంట్లో కూర్చున్నందుకు.

కూర్చోవడమే చేతకాదు. రెండో వారానికి ఎక్కడెక్కడి నొప్పులూ పలకరిస్తాయి. నాలుగు నెలలు కిక్కురుమనని మోకాలు మెట్లు దిగుతుంటే కలుక్కుమంటుంది. ఎవరు తుమ్మినా మాస్కు వెతుక్కుంటాను. మొన్న బుధవారం ఆరున్నరకి కాఫీ గ్లాసుతో బాల్కనీలో కనపడేసరికి అత్తగారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "ఒళ్లు వెచ్చగా ఏం లేదే. మరి వెళ్లలేదేం?" "తగ్గించమన్నారు అత్తయ్యా." "మొదట్నుంచీ నేననేది అదేగా!"

నిమిషాలు గంటలవుతాయి

వేగం తగ్గించకూడదన్నాం కదా. దానికి పరుగువాళ్ల మధ్య ఒక ముచ్చటైన ఆట ఉంది. 800 మీటర్ల పరుగు పది సార్లు, మధ్యలో కాసేపు నెమ్మది పరుగు. ఒక్కో 800 సరిగ్గా నాలుగు నిమిషాల్లో పదిసార్లూ పూర్తిచేయగలిగితే మారథాన్ నాలుగు గంటల్లో పూర్తవుతుందట. నాలుగు నిమిషాల 30 సెకన్లయితే నాలుగు గంటల 30 నిమిషాలు. నిమిషాలు గంటలవుతాయి, సెకన్లు నిమిషాలవుతాయి. బార్ట్ యాసో అనే అమెరికన్ పరుగువాడు గమనించిన లెక్క ఇది, యాసో 800లు అనే పేరు పడింది. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, అంకెలు అలా కుదిరాయంతే. చాలామందికి ఇది ఐదు, పది నిమిషాలు ఎక్కువ ఆశ పెడుతుంది. దీన్ని పోటీకి రెండు వారాల ముందే ముగించేయాలి.

కారిపోయిన చెమట వృథా

హైదరాబాద్‌లో ఆగస్టు పొద్దుటి పూట ఎండ ఉండదు. "చల్లగానే ఉంది కదా" అనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. గాలి తేమతో నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, మోచేతుల నుంచి ధారగా కారిపోతుంది. కారిపోయిన చుక్క ఒంట్లోంచి నీళ్లూ ఉప్పూ పట్టుకుపోతుందే తప్ప వేడిని పట్టుకుపోదు.

ఉక్కకు మాత్రం శరీరం అలవాటుపడుతుంది. పది, పద్నాలుగు రోజులు ఆ వాతావరణంలోనే పరిగెత్తితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు పాళ్లు తగ్గుతాయి. అందుకే విశాఖ బీచ్ రోడ్డులో తర్ఫీదైన మా బాబాయి కూతురు హైదరాబాద్ ఉక్కను చూసి నవ్వుతుంది. టేపర్ వారాల్లో ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కేవాళ్లు కొంచెం ఆలోచించుకోవాలి. సంపాదించుకున్న అలవాటు రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది.

రెండు కాళ్లు, ఒక సైకిలు

మారథాన్ ముందు అన్నం ఎక్కువ తినమని అందరూ చెబుతారు. ఈ సలహా ఎక్కడ పుట్టిందో తెలిస్తే నాలా మీరూ కాసేపు కాళ్లు తడుముకుంటారు.

యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ స్వీడన్ పరిశోధకులు. 1966లో ప్రచురించిన ప్రయోగానికి వాళ్లు ఎవర్నో వెతకలేదు, తమ కాళ్లనే వాడుకున్నారు. ఒకే ఒక్క వ్యాయామ సైకిలు. దానికి ఇద్దరూ చెరోపక్క చేరి, ఒక్కొక్కరు ఒక్కో కాలితో, ఆ కాలు ఇక తొక్కలేనని మొరాయించేదాకా తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తింటూ, రెండు తొడల్లోంచీ సూదితో చిటికెడు కండ తీసి అందులో గ్లైకోజెన్ ఎంత ఉందో కొలుస్తూ వచ్చారు. గ్లైకోజెన్ అంటే కండరం దాచుకునే చక్కెర నిల్వ. మనిషి ఒకడే, తిండి ఒకటే, రెండు కాళ్లలోనూ తిరిగే రక్తమూ ఒకటే. అయినా అలిసిన కాలు, విశ్రాంతి తీసుకున్న కాలికంటే దాదాపు రెట్టింపు నిల్వ చేసుకుంది.

ఖాళీ చేసినదాన్ని ఒళ్లు మునుపటికంటే నిండుగా నింపుకుంటుందని అలా బయటపడింది. దాంతో 1970ల దాకా పరుగువాళ్లు ఓ ఘోరమైన వారం గడిపేవారు. ముందు ఒళ్లు హూనమయ్యే పరుగు, తర్వాత మూడు రోజులు మాంసం, కొవ్వులే తింటూ పిండి ముట్టకుండా నీరసం, ఆ పైన మూడు రోజులు పిండే పిండి. బ్రిటన్ పరుగువీరుడు రాన్ హిల్ 1969లో ఏథెన్స్‌లో యూరప్ చాంపియన్ అయింది ఈ పద్ధతితోనే. ఆ నీరసపు మూడు రోజులు అక్కర్లేదని, పరుగు తగ్గించి అన్నం పెంచితే చాలని 1981లో ఇంకో ప్రయోగం తేల్చింది. ఆ పరిశోధకులకు దణ్ణం.

అరవై ఇడ్లీల లెక్క

ఇప్పటి పోషకాహార నిపుణుల లెక్క ఇలా ఉంది: పోటీకి ముందు ఒకటిన్నర, రెండు రోజుల పాటు, ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం. నా బరువు 60 కిలోలు. అంటే కనీసం 600 గ్రాములు. మా ఇంటి ఇడ్లీ ఒక్కోదాంట్లో ఓ పది గ్రాములు వేసుకున్నా అరవై ఇడ్లీలు! ఒక్క రోజులో! అంత ఎవరూ తినలేరు. అందుకే అన్నం, అరటిపండు, ఖర్జూరం, చెరకురసం, బెల్లం వేసిన రాగిజావ, అన్నీ కలుపుకుని రోజంతా కొంచెం కొంచెంగా తింటాం. మామూలు రోజుల్లో మంచివని తినే ముడిధాన్యాలు, ఆకుకూరలు, పప్పులు ఈ రెండు రోజులకు పక్కన పెట్టాలి. గోంగూర పచ్చడి, ఆవకాయ, మిరపకాయ బజ్జీ గురించి నేను చెప్పను. అనుభవం మీద తెలుస్తుంది, అదీ దారిలో.

శనివారం పొద్దున్న మాత్రం బరువు చూసుకోకండి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని కట్టిపెట్టుకుంటుంది. కిలో, కిలోన్నర పెరగడం మామూలే. అది కొవ్వు కాదు, రేపటికి దాచుకున్న నీళ్లూ చక్కెరా.

మా ఆయనకూ గోడకూ ఉన్న బంధం

కిలో బరువును కిలోమీటరు దూరం పరిగెత్తించడానికి ఖర్చయ్యేది సుమారు ఒక కిలోక్యాలరీ. 60 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకు 2,500 దాకా కావాలి. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ 400 నుంచి 500 గ్రాములు, అంటే ఓ 2,000 కిలోక్యాలరీలు. కొవ్వు బోలెడంత ఉంటుంది కానీ అది నెమ్మదిగా మండే కట్టె. వేగం పెంచిన కొద్దీ ఒళ్లు గ్లైకోజెన్‌నే ఎక్కువ మండిస్తుంది. ఈ లెక్క తప్పేది సాధారణంగా 30వ కిలోమీటరు దాటాక. కాళ్లు సిమెంటులో దిగబడ్డట్టు ఆగిపోతాయి. దాన్నే పరుగువాళ్లు గోడ అంటారు.

మారథాన్‌ను సమవేగంతో నడపడంలో ఆడవాళ్లది పైచేయి. మగవాళ్లు మొదటి సగంలో రెచ్చిపోయి రెండో సగంలో జావకారిపోవడం ఎక్కువ. ఇది నా మాట కాదు, లక్షల మంది ఫలితాల మీద జరిగిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనపడ్డ మాట. మా ఆయన మాత్రం గోడ తగిలిన ప్రతిసారీ వాతావరణాన్ని తిడతారు.

నీళ్లు ఎక్కువైనా ముప్పే

2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా కనపడింది. వాళ్లలో చాలామంది దాహంతో సొమ్మసిల్లినవాళ్లు కారు. తాగాల్సినదానికంటే ఎక్కువ తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్లు! నాలుగు గంటలు దాటే నెమ్మది పరుగువాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగే తీరిక వాళ్లకే ఉంటుంది. ఒంట్లో సోడియం మరీ పడిపోతే మెదడు వాస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది.

సులువైన ఉపాయం: లాంగ్ రన్‌కు ముందు, తర్వాత బరువు చూసుకోవడం. గంటకు ఎంత తగ్గుతున్నారో తెలిస్తే ఎంత తాగాలో తెలుస్తుంది. తగ్గినదంతా అక్కడికక్కడే పూడ్చనక్కర్లేదు. దాహమే మంచి కొలత. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఎలాగూ ఉంది.

ఫిల్టర్ కాఫీ ఒకప్పుడు అనుమానితురాలు

2004 దాకా క్రీడాకారుల మూత్రంలో కెఫీన్ ఓ హద్దు దాటితే నిషేధిత మందు కిందే లెక్క. ఆ ఏడాది జాబితాలోంచి తీసేశారు. దూరపు పరుగులో కాఫీ పనిచేస్తుందన్నది మాత్రం నిజమే. పరుగుకు గంట ముందు తాగితే సరి. అయితే అలవాటు లేనివాళ్లు ఆ రోజే మొదలుపెడితే మొదటి ఐదు కిలోమీటర్లలోనే టాయిలెట్ వరసలో నిలబడాలి.

ఆ రోజు కొత్త వద్దు

ఈ పాఠం నా కాలి గోళ్లు నేర్పాయి. మొదటి మారథాన్‌కు రెండు రోజుల ముందు, తగ్గింపు ధర చూసి కొత్త షూ కొన్నాను. అరసైజు బిగుతు, "వాడితే సాగుతాయిలే" అనుకున్నాను. దూరపు పరుగులో పాదాలు ఉబ్బుతాయని, అందుకే అరసైజు పెద్దవి తీసుకోవాలని అప్పటికి తెలియదు. ఫ్లైఓవర్ దిగిన ప్రతిసారీ వేళ్లు ముందుకు గుద్దుకున్నాయి. రెండు గోళ్లు నల్లబడి, దీపావళికి ఊడిపోయాయి. చంకలు, తొడల లోపలి భాగం, మగవాళ్లకు చనుమొనలు, ఇవన్నీ ఒరుసుకుపోయే చోట్లు. నూలు టీషర్టు తడిసిందంటే ఉప్పుకాగితమే. పది రూపాయల వాజలిన్ డబ్బా వీటన్నిటికీ మందు.

కోటి మంది అబద్ధమాడరు

దాదాపు కోటి మారథాన్ ముగింపు సమయాలను ఆర్థికశాస్త్రవేత్తలు కొందరు వరసగా పేర్చి చూశారు. బొమ్మ నున్నటి గుట్టలా రావాలి కదా. రాలేదు. మూడు గంటలు, మూడున్నర, నాలుగు, నాలుగున్నర, సరిగ్గా ఆ అంకెలకు ముందు జనం గుంపులు కట్టి ఉన్నారు, దాటిన వెంటనే పలచబడ్డారు. నాలుగు గంటలనే అంకె ఏ కండరానికీ తెలియదు. తెలిసింది మనసుకే, గడియారం చూసి ఆఖరి రెండు కిలోమీటర్లలో ఎక్కడో దాచిన ఓపిక తీసేది అదే. ఈసారి నాకు కావాల్సింది 4 గంటల 29 నిమిషాలు. 4:31 వస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ నాకు 4:29 కావాలి.

వాచీ ఒకటి చెబుతుంది, దారి ఒకటి

ధ్రువీకరించిన మారథాన్ దారిని సైకిలుకు కౌంటరు కట్టి కొలుస్తారు. మలుపుల దగ్గర లోపలి అంచు పట్టుకుని, వీలైనంత దగ్గరి దారి. పొరపాటున కూడా తక్కువ రాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. అంటే మారథాన్ అనేది ఎప్పుడూ ఓ 42 మీటర్లు ఎక్కువే. పైగా మనం గుంపును తప్పించుకుంటూ, నీళ్ల బల్లల కోసం అటూ ఇటూ వంకర్లు తిరుగుతాం. అందుకే వాచీ 42.2 అని మోగినప్పుడు ముగింపు తోరణం ఇంకా దూరంగానే ఉంటుంది. లెక్క వేసుకునేటప్పుడు ఈ నాలుగైదు వందల మీటర్లకు రెండు మూడు నిమిషాలు పక్కన పెట్టుకోవాలి.

శనివారం సాయంత్రం బనీను మీద నా పోటీ నంబరు కాగితం, అదే బిబ్, పరిచి నాలుగు మూలలా పిన్నీసులు పెడుతుంటే అత్తగారు డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్నారు.

"మొత్తం ఎంత దూరమే?"

"42 కిలోమీటర్ల 195 మీటర్లు."

"ఆ 195 ఏమిటి మళ్లీ, కొసరా?"

1908 లండన్ ఒలింపిక్స్ సంగతి చెప్పాను. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించారని, అలా తేలిన దూరాన్నే 1921లో ప్రపంచమంతటికీ ఖాయం చేశారని. ఆవిడ ఆఖరి పిన్నీసు అందించి డబ్బా మూత పెట్టారు.

"మరి రేపు వస్తున్నారా వాళ్లు, చూడ్డానికి?"